విండోస్ 10 తరువాత ఏది? తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఒకే కంప్యూటరులో నడిపేవారికి ఎంపిక సలహా

ఒడిశాలోని రాయగడలో మా బావగారికి డీటీపీ (కంప్యూటరు మీద పేజీలు కూర్చే పని), జిరాక్స్ దుకాణం ఉంది. అక్కడ ఒకే కంప్యూటరు మీద ఉదయం ఒడియాలో తహసీల్ ఆఫీసుకు దరఖాస్తు, మధ్యాహ్నం తెలుగులో శుభలేఖ, సాయంత్రం ఇంగ్లీషులో ఎవరో కుర్రవాడి బయోడేటా తయారవుతాయి. కిందటి పెళ్లిళ్ల సీజనుకు ముందు ఆయన ఆ యంత్రాన్ని ఒక మెకానిక్‌కు అప్పగించి, పాత విండోస్ 10 తీసివేయించి, కొత్త హార్డ్‌డిస్కు మీద విండోస్ 11 వేయించారు. మరునాడు పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న శుభలేఖను తెరిస్తే, పెళ్లికూతురి పేరు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు కలగలిసి కనిపించాయి.

“ఏమయ్యా, కొత్తది వేస్తే పాత అక్షరాలన్నీ మింగేస్తుందా? పదకొండింటికి పెళ్లివారు వస్తామన్నారు” అని ఆయన ఫోన్ చేశారు. “ఫైలు పోలేదు బావగారూ, ఫాంటు పోయింది. పాత హార్డ్‌డిస్కు పారేయలేదు కదా?” అని అడిగాను. అదృష్టవశాత్తు అది బల్ల సొరుగులోనే ఉంది. దానిని కేబుల్‌తో కలిపి, అందులోని ఫాంట్ల ఫోల్డరును కొత్త డిస్కులోకి ఎక్కించిన తరువాతే ఆ పేరు మళ్లీ తెలుగులో కనిపించింది.

ఆ ఉదయం తరువాత చాలామంది బంధువులు, స్నేహితులు నన్ను అదే ప్రశ్న అడుగుతూ వచ్చారు. విండోస్ 10లోనే ఉండాలా, 11కు మారాలా, విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసుకోవాలా, లేక యంత్రాన్నే మార్చాలా అన్నది ఆ ప్రశ్న. నా సమాధానం ప్రతిసారీ ఒకచోటే మొదలవుతుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వంటి ఊళ్లలో ఉండే మనకు కొత్త సిస్టమ్ వేగం, అందం తరువాతి విషయాలు. నిన్నటి వరకు మూడు లిపుల్లో రాసుకున్నది రేపు కూడా తెరుచుకుంటుందా లేదా అన్నదే మొదట చూడవలసినది.

ముందుగా తేదీలు చెప్పుకోవాలి. విండోస్ 10 విడుదలైనది 2015 జూలై 29న. దానికి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అదే రోజున ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకు కూడా గడువు ముగిసిందన్న సంగతి చాలామంది గమనించలేదు. గడువు ముగిసినంత మాత్రాన కంప్యూటరు ఆగిపోదు, ఫైళ్లు మాయం కావు. ఆ తరువాత బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతు రాదు, అంతే. అయితే ఆ ‘అంతే’ అన్నది కాలం గడిచేకొద్దీ బరువెక్కుతుంది. విండోస్ 7కు 2020 జనవరిలో గడువు ముగిసినా, క్రోమ్ బ్రౌజరు మరో మూడేళ్లు దానిమీద నడిచి, 2023 ఆరంభంలో 109వ వెర్షన్‌తో వీడ్కోలు పలికింది. ఆ తరువాత ఒక్కొక్క వెబ్‌సైటూ మొరాయించడం మొదలుపెట్టింది. విండోస్ 10 వాడుకరులు కూడా ఇదే క్రమానికి సిద్ధపడి ఉండాలి.

విండోస్ 10లోనే కొంతకాలం ఉండిపోవడం

పని ఆగకూడని సీజనులో ఉన్నవారికి నేను మొదట చెప్పేది ఇదే. సొంతంగా వాడుకునే కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించిన భద్రతా అప్‌డేట్ల సదుపాయం ఇచ్చింది. దానిలో చేరడానికి మూడు దారులున్నాయి. కంప్యూటరు సెట్టింగులను విండోస్ బ్యాకప్ ద్వారా మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి పంపడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టనక్కరలేదు. లేదా వెయ్యి రివార్డ్స్ పాయింట్లు ఇవ్వవచ్చు, లేదా ఒకసారి 30 డాలర్లకు సమానమైన మొత్తం చెల్లించవచ్చు. ఏ దారిలో వెళ్లినా మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండి తీరాలి, సిస్టమ్ 22హెచ్2 అనే చివరి వెర్షన్‌లో ఉండాలి. ఒకే ఖాతాతో పది కంప్యూటర్ల వరకు చేర్చుకోవచ్చు కనుక, అన్నదమ్ముల ఇళ్లలోని యంత్రాలన్నిటికీ ఒకరి ఖాతా సరిపోతుంది.

ఇందులో లాభం స్పష్టంగానే ఉంది. ఫాంట్లు, ప్రింటరు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, లెక్కలు రాసే ట్యాలీ అన్నీ ఉన్నచోటే ఉంటాయి. నష్టం ఏమిటంటే ఇది వాయిదా మాత్రమే. ఈ వాయిదాను ఫైళ్లు సర్దుకోవడానికి, డబ్బు కూడబెట్టుకోవడానికి వాడుకునేవారికి ఇది మంచి ఎంపిక. ఏమీ చేయకుండా అక్టోబర్ దాకా కూర్చునేవారికి మాత్రం ఇప్పుడున్న చిక్కులన్నీ అప్పుడు ఒక్కసారిగా మీద పడతాయి. ఈ పథకంలో చేరకుండా, అప్‌డేట్లు లేని విండోస్ 10 మీద బ్యాంకు లావాదేవీలు చేయడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

విండోస్ 11కు మారడం

విండోస్ 11 వచ్చినది 2021 అక్టోబర్ 5న. అసలైన విండోస్ 10 ఉన్నవారికి ఇది ఉచితం. చిక్కంతా యంత్రం అర్హతలో ఉంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం అన్నవి చాలామందికి ఉంటాయి. అయితే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ (నమ్మదగని ప్రోగ్రాములతో కంప్యూటరు మొదలు కాకుండా ఆపే సదుపాయం), మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కూడా కావాలి. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఎ.ఎం.డి.లో రైజెన్ 2000 వరుస నుంచి పైవాటికే ప్రవేశం. తరం తెలుసుకోవడం కష్టం కాదు. ఐ5-7200యు అని ఉంటే గీత తరువాతి 7 ఏడో తరమని చెబుతుంది, కనుక అది పనికిరాదు. ఐ5-8250యు అయితే ఎనిమిదో తరం, పనికివస్తుంది. గీత తరువాత 10, 11, 12 ఉంటే అవి రెండంకెల తరాలు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాము ఈ పరీక్ష అంతా తానే చేసి చెబుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ప్రోగ్రాము ‘అర్హత లేదు’ అనగానే నిరాశపడి యంత్రాన్ని అమ్మేసినవారు నాకు తెలుసు. ప్రాసెసర్ సరైనదే అయి, టి.పి.ఎం. మాత్రమే లేదని చూపిస్తే, చాలాసార్లు ఆ చిప్ లోపల ఉండి, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే కంప్యూటరు ప్రాథమిక అమరికల్లో) ఆపివేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పి.టి.టి. అని, ఎ.ఎం.డి. బోర్డుల్లో ఎఫ్‌.టి.పి.ఎం. అని ఉండే అంశాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది. పాత పద్ధతిలో డిస్కు విభజించి ఉన్న యంత్రాలకు యు.ఇ.ఎఫ్‌.ఐ. అనే కొత్త ప్రారంభ విధానంలోకి మార్చడమనే మరో మెట్టు ఉంటుంది. అది తెలిసినవారి చేత చేయించుకోవడం మేలు, అదీ బ్యాకప్ తీసుకున్న తరువాతే.

అర్హత ఉన్నవారు ఎంచుకోవలసినది మరొకటి ఉంది. అదేమిటంటే, ఉన్నదాని మీదే ఎక్కించడమా లేక ఫార్మాట్ చేసి కొత్తగా వేయడమా అన్నది. మెకానిక్‌లు సాధారణంగా ఫార్మాట్ వైపు మొగ్గుతారు, ఎందుకంటే అది త్వరగా అవుతుంది, సిస్టమ్ శుభ్రంగా ఉంటుంది. దుకాణాల యంత్రాలకు మాత్రం నేను మొదటి పద్ధతినే సమర్థిస్తాను. విండోస్ 10 నడుస్తుండగానే పెన్‌డ్రైవ్ నుంచి సెటప్ మొదలుపెట్టి, ఫైళ్లు, ప్రోగ్రాములు రెండూ ఉంచమని ఎంచుకుంటే, చేర్చుకున్న ఫాంట్లు, కీబోర్డులు, ప్రింటరు అమరికలు చాలావరకు అలాగే వస్తాయి. నచ్చకపోతే పది రోజుల లోపల సెట్టింగులలోని ‘గో బ్యాక్’ ద్వారా పాతదానికి తిరిగి వెళ్లవచ్చు. ఈ పది రోజుల్లో స్థలం కోసం డిస్క్ క్లీనప్ చేసి పాత విండోస్ ఫోల్డరును తుడిచివేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇంట్లో ఫోటోలు, పిల్లల చదువు తప్ప ఇంకేమీ లేని యంత్రానికి మాత్రం ఫార్మాట్ చేయడమే బాగుంటుంది.

సెటప్ ఫైలు 5 జీబీకి పైగా ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు దానిని ప్రతి కంప్యూటరుకూ దించుకోనక్కరలేదు. 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో ఒకసారి తయారు చేసుకుంటే అందరికీ పనికివస్తుంది. వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేని మన ఊళ్లలో, యు.పి.ఎస్. లేని డెస్క్‌టాప్ మీద ఈ పని మొదలుపెట్టకూడదు. మధ్యలో ఆగితే సెటప్ చాలాసార్లు తానే వెనక్కి తీసుకువెళుతుంది, ప్రతిసారీ కాదు.

మారిన తరువాత వచ్చే విసుగులు కొన్ని చిన్నవి. స్టార్ట్ బటన్ మధ్యలోకి వెళుతుంది, టాస్క్‌బార్ సెట్టింగులలో దానిని ఎడమకు తెచ్చుకోవచ్చు. కుడి క్లిక్ చేస్తే వచ్చే జాబితా కుదించుకుపోతుంది, షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కితే పాత జాబితా వస్తుంది. ఇవి వారం రోజుల్లో అలవాటైపోతాయి.

పెద్ద విసుగులు రెండు. మొదటిది వన్‌డ్రైవ్. సెటప్ సమయంలో ఒప్పుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్ల ఫోల్డర్లు ఇంటర్నెట్‌లోని నిల్వకు జతపడతాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే కనుక ఒక పెళ్లి ఫోటోల ఫోల్డరుతోనే అది నిండిపోతుంది, హాట్‌స్పాట్ డేటా కూడా దానితోపాటే ఖర్చవుతుంది. అవసరం లేనివారు వన్‌డ్రైవ్ సెట్టింగులలో ఈ ఫోల్డర్ల బ్యాకప్‌ను ఆపుకోవాలి. ఆపిన తరువాత ఫైళ్లు కంప్యూటరులో ఎక్కడ ఉన్నాయో కళ్లారా చూసుకున్నాకే ఆన్‌లైన్ ప్రతులను తొలగించాలి.

రెండవది బిట్‌లాకర్, ఇంకా గంభీరమైనది. 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా విండోస్ 11 వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే, చాలా యంత్రాల్లో డిస్కు దానంతట అదే తాళం వేసుకుంటుంది. ఆ తాళానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, అది ఖాతాలో భద్రమవుతుంది. బయోస్‌లో ఏదైనా మార్చినప్పుడో, బోర్డు మరమ్మతు జరిగినప్పుడో తెర మీద ఆ కీ అడుగుతుంది. మెకానిక్ తొందరలో తన సొంత ఖాతాతో సెటప్ పూర్తి చేస్తే, మీ డిస్కు తాళంచెవి ఆయన ఖాతాలో ఉంటుంది. అందువల్ల సెటప్‌లో ఖాతా అడిగే చోట మీరే పక్కన కూర్చుని మీ ఖాతా ఇవ్వండి. తరువాత ఆ 48 అంకెలను ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టుకోండి.

అక్షరాల సంగతి

ఏ దారి ఎంచుకున్నా ఇది తెలియాలి. మన దగ్గర రెండు రకాల తెలుగు ఫైళ్లు ఉంటాయి. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో రాసినవి మొదటి రకం. వీటిలో ‘క’ అన్నది ఏ సిస్టమ్‌లోనైనా ‘క’గానే ఉంటుంది, ఫాంటు మారితే వంపు మారుతుంది కానీ అక్షరం మారదు. విండోస్‌లోని నిర్మలా ఫాంటు తెలుగునూ ఒడియానూ రెండింటినీ చూపిస్తుంది. గౌతమి, వాణి ఫాంట్లతో చేసిన పాత పత్రాలు కొత్త విండోస్‌లో వేరే రూపంతో కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. ఆ రెండూ ఇప్పుడు తెలుగు అదనపు ఫాంట్ల కింద ఐచ్ఛిక అంశాలలోకి వెళ్లాయి. సెట్టింగులలో తెలుగు భాషను చేర్చితే లేదా ఆ అంశాన్ని ఎంచుకుంటే ఇంటర్నెట్ నుంచి వస్తాయి. ఒడియాకు కళింగ ఫాంటు కూడా అంతే.

రెండవ రకం అను, ఆకృతి వంటి పాత డీటీపీ ఫాంట్లతో చేసినవి. వీటిలో కంప్యూటరు దృష్టిలో ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఆ ఫాంటు ఒక్కటే. ఫాంటు లేని చోట ఆ రూపం లేదు. మా బావగారి దుకాణంలో జరిగినది సరిగ్గా ఇదే. కాబట్టి ఏదీ మార్చకముందే ఫాంట్ల ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, టైపింగ్ ప్రోగ్రాము సీడీ, లైసెన్సు వివరాలు వెతికి పెట్టుకోండి, పూర్తయిన పనులన్నిటినీ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌లుగా కూడా దాచుకోండి. పేజ్‌మేకర్ 7.0 వచ్చినది 2001లో. అంత పాత ప్రోగ్రామును కొత్త సిస్టమ్ మీద నమ్ముకునే ముందు, పరిచయమున్న మరొక దుకాణంలోని విండోస్ 11 యంత్రం మీద మీ ఫైలు ఒకటి తెరిచి, ముద్రించి చూసుకోవడం అవసరం.

టైపింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్పమంటాను. విండోస్ 10లో 2019 నుంచి వచ్చిన, ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డు సులువుగానే ఉంటుంది. అయితే ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగుకూ ఒడియాకూ మీటల స్థానాలు ఒకటే. కె మీట నొక్కితే భాషను బట్టి తెలుగు ‘క’ లేదా ఒడియా ‘క’ వస్తుంది. ఒకసారి చేయి తిరిగితే రెండు భాషలూ వచ్చేస్తాయి. రేపు విండోస్ వదిలి లినక్స్‌కు వెళ్లినా అదే అమరిక ఉంటుంది. సరిహద్దులో బతికే మనకు ఇంతకన్నా పనికివచ్చే సదుపాయం నాకు కనబడలేదు.

లినక్స్ మింట్

గుణుపురంలో ఉండే ఒక విశ్రాంత తెలుగు మాస్టారి ల్యాప్‌టాప్ ఐదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 11కు అర్హత లేదు. ఆయన చేసే పని వ్యాసాలు రాసుకోవడం, మనవలతో వీడియోలో మాట్లాడడం, పత్రికలు చదవడం. ఆయన ఇంట్లో కూర్చుని, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా, పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ మింట్ అనే లినక్స్ రకాన్ని, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపంలో, నడిపి చూపించాను. తెలుగు కీబోర్డు చేర్చగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న “బాబూ, ఇందులో అరసున్న వస్తుందా?” అన్నది. షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ మీట నొక్కమన్నాను. ‘వాఁడు’ అని రాసి, కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరకు వంగి చూసి, “ఇది చాలు, వేసేయండి” అన్నారు.

ఇలాంటి వాడకానికి మింట్ నిజంగా మంచిది. డబ్బు అక్కరలేదు, 2 జీబీ ర్యామ్‌తోనూ మొదలవుతుంది, 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. లిబ్రేఆఫీస్‌లో వర్డ్ ఫైళ్లు తెరుచుకుంటాయి, పట్టికలు, పేజీ విరుపులు మాత్రం కొన్నిసార్లు పక్కకు జరుగుతాయి. అసలు అడ్డంకులు వేరే చోట ఉన్నాయి. ట్యాలీ విండోస్ కోసం తయారైనది, పేజ్‌మేకర్ అంతే, అను టైపింగ్ సాధనమూ అంతే. డిజిటల్ సంతకపు టోకెన్లు, వేలిముద్ర పరికరాలతో పని చేసే సేవా కేంద్రాలవారు దీని జోలికి పోకపోవడం మేలు. కొన్ని పాత లేజర్ ప్రింటర్లు కూడా దీనితో కలవడానికి మొండికేస్తాయి. ఇవన్నీ పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసే దశలోనే తేలిపోతాయి. వై-ఫై అందుతున్నదా, ధ్వని వస్తున్నదా, ప్రింటరు కాగితం తీస్తున్నదా చూసిన తరువాతే డిస్కు ముట్టుకోవాలి.

అర్హత లేని యంత్రం మీద విండోస్ 11, లేదా యంత్రం మార్చడం

రూఫస్ వంటి సాధనంతో టి.పి.ఎం. పరీక్షను దాటవేసి విండోస్ 11 వేసే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. అది పని చేస్తుంది. కానీ అలాంటి యంత్రాలకు అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెబుతున్నది. ఏటా వచ్చే పెద్ద వెర్షన్‌ను మళ్లీ చేతితో ఎక్కించుకోవలసి రావచ్చు, ఎస్.ఎస్.ఇ. 4.2 అనే ఆదేశాల సమితి లేని బాగా పాత ప్రాసెసర్ల మీద 24హెచ్2 అసలు మొదలే కాదు. సరదాగా ప్రయోగం చేసుకునే కుర్రవాళ్లకు పర్వాలేదు, నలుగురి ఆధార్ కాపీలు ఉండే దుకాణం యంత్రానికి వద్దు.

యంత్రం మార్చదలిస్తే, కొత్తది కొనలేనివారు విశాఖపట్నం, బరంపురం వంటి పట్టణాల్లో ఆఫీసుల నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు చూడవచ్చు. ఎనిమిదో తరానికి తక్కువ కాకూడదు, 8 జీబీ ర్యామ్, ఎస్.ఎస్.డి. అనే వేగమైన డిస్కు ఉండాలి. కొనే ముందు బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డు అడుగుతుందేమో చూడాలి. సెటప్ తెర మీద ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే ఎంత చవకైనా తీసుకోకూడదు, ఆ యంత్రం ఇంకా ఆ కంపెనీ అదుపులోనే ఉన్నట్టు. విండోస్ 11 అన్నది 64 బిట్ మాత్రమే కనుక, 32 బిట్ డ్రైవరు మాత్రమే ఉన్న పాత ప్రింటరును ఈ కొత్త యంత్రానికి తగిలించలేరు. ప్రింటరు ఖర్చు కూడా ముందే లెక్కలోకి తీసుకోవాలి.

మా బావగారు చివరకు రెండు యంత్రాలు పెట్టుకున్నారు. విండోస్ 11 ఉన్నది కౌంటరు మీద, ఇంటర్నెట్ పనులకు. ఇంకొక పాత డెస్క్‌టాప్‌లో తన పాత హార్డ్‌డిస్కు బిగించుకుని, నెట్ కేబుల్ పీకేసి, లోపలి గదిలో పేజ్‌మేకర్ కోసం ఉంచారు. అక్కడ తయారైన శుభలేఖ పీడీఎఫ్‌గా మారి పెన్‌డ్రైవ్ మీద బయటకు వస్తుంది. ఖాళీ దొరికిన మధ్యాహ్నాల్లో మా మేనకోడలు పాత శుభలేఖల మచ్చులను ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి తిరిగి టైపు చేస్తున్నది.